ఘోస్ట్ స్టోరీస్: నలుగురు దర్శకులు, ఒకటిన్నర సినిమా

భారతీయ సినిమాకు నూరేళ్లు నిండిన సందర్భంగా 2013లో బాంబే టాకీస్ చేసిన నలుగురు దర్శకులు, 2018లో నెట్‌ఫ్లిక్స్ కోసం లస్ట్ స్టోరీస్ చేసి, ఆ తరువాత మూడోసారి చేతులు కలిపి తీసిన సినిమా ఘోస్ట్ స్టోరీస్. జోయా అఖ్తర్, అనురాగ్ కశ్యప్, దిబాకర్ బెనర్జీ, కరణ్ జోహార్ తలా ఒక దెయ్యం కథ చెప్పిన ఈ చిత్రాన్ని రోనీ స్క్రూవాలా, ఆషీ దువా నిర్మించగా 2020 జనవరి 1న నెట్‌ఫ్లిక్స్ విడుదల చేసింది. దీనికి ముందు వచ్చిన లస్ట్ స్టోరీస్ అంతర్జాతీయ ఎమ్మీ పురస్కారాల నామినేషన్ల దాకా వెళ్లింది కనుక ఈ నలుగురి మీద ప్రేక్షకులు పెట్టుకున్న ఆశ అతిశయమేమీ కాదు. దాదాపు రెండు గంటల ఇరవై నిమిషాలు నడిచిన తరువాత చేతిలో మిగిలేది మాత్రం ఒక మంచి కథ, సగం బాగున్న మరో కథ, గొప్ప నటన వృథా అయిపోయిన మూడో కథ, ఎందుకు తీశారో అర్థం కాని నాలుగో కథ.

ఆంథాలజీ, అంటే కొన్ని పొట్టి కథలను కలిపి చేసిన సినిమా, అన్నాక హెచ్చుతగ్గులు ఉండకుండా పోవు. ఈ జాతి సినిమాల్లో తలమానికంగా చెప్పుకునే 1945 నాటి బ్రిటిష్ చిత్రం డెడ్ ఆఫ్ నైట్‌లోనూ అన్ని కథలూ ఒక్క స్థాయిలో లేవు. మాట్లాడే బొమ్మను ఆడించే కళాకారుడి కథ ఇప్పటికీ నిద్ర చెడగొట్టగలదు కానీ, ఇద్దరు గోల్ఫ్ ఆటగాళ్ల కథ నవ్వించాలని వచ్చి నీరసంగా వెళ్లిపోతుంది. అయినా ఆ సినిమా కూలిపోకపోవడానికి కారణం కథలన్నింటినీ చుట్టి ఉన్న బయటి కథ. ఒక పల్లెటూరి ఇంటికి వచ్చిన ఆర్కిటెక్టు అక్కడున్న అతిథులందరినీ తాను కలలో ముందే చూశానంటాడు. వాళ్లు ఒక్కొక్కరుగా తమ అనుభవాలు చెబుతూ ఉంటే, ఆ కల ఎలా ముగిసిందో అతనికి జ్ఞాపకం వస్తుందేమోనన్న దిగులు మనల్ని పట్టుకుంటుంది. మధ్యలో ఒక కథ తేలిపోయినా ఆ దిగులు తేలిపోదు.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. భుజాన శవం, ఆ శవంలో కథ చెప్పే బేతాళుడు, నోరు విప్పితే మళ్లీ చెట్టు దాకా నడవాల్సిన విక్రమార్కుడు ఉన్నంత కాలం, లోపలి కథ కాస్త సాదాగా ఉన్నా చందమామ పాఠకుడు పేజీ తిప్పేవాడు. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లో గురుశిష్యుల ప్రయాణం అదే పని చేసింది. హిందీ సినిమాలో చూస్తే, మన రామ్‌గోపాల్ వర్మ నిర్మాణంలో ప్రవాళ్ రామన్ దర్శకత్వం వహించిన డర్నా మనా హై 2003లోనే ఈ కిటుకును వాడుకుంది. అడవిలో రాత్రి పూట చిక్కుకుపోయిన మిత్రబృందం కథలు చెప్పుకోవడం, కథకూ కథకూ మధ్య వాళ్ల సంఖ్య తగ్గుతూ పోవడం ఆ సినిమాకు వెన్నెముక. సిగరెట్టు తాగనివ్వని హోటలు యజమాని కథ, యాపిల్ పండ్ల కథ అందరికీ గుర్తున్నాయి. మిగతావాటిలో కొన్నింటిని మరిచిపోయాము, అయినా సినిమాను మరిచిపోలేదు.

ఘోస్ట్ స్టోరీస్‌లో ఇటువంటి చుట్టుకథ ఏదీ లేదు. ఒక దర్శకుడి కథ ముగుస్తుంది, మరొకరి కథ మొదలవుతుంది. ఒకే ఊరు లేదు, ఒకే వస్తువు లేదు, ఒకే రాత్రి లేదు, కనీసం దెయ్యం అంటే ఏమిటన్న విషయంలో ఒకే అభిప్రాయం కూడా లేదు. బాంబే టాకీస్‌కు సినిమా మీద మమకారం, లస్ట్ స్టోరీస్‌కు స్త్రీల కోరిక ఉమ్మడి సూత్రాలుగా నిలిచాయి కనుక అక్కడ చుట్టుకథ లేని లోటు కనిపించలేదు. భయం అలాంటి సూత్రం కాదు. అది కథలో చెప్పుకోవలసిన విషయంగా కాక, ప్రేక్షకుడి ఒంట్లో పుట్టవలసిన స్థితిగా ఉంటుంది. ఒకరు మెల్లగా పోగు చేసిన ఆ స్థితిని రెండోవారు మొదటి నిమిషంలోనే చెదరగొట్టి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంటే, నాలుగోసారికి ప్రేక్షకుడి దగ్గర ఓపిక తప్ప ఇంకేమీ మిగలదు. మిగతా లోపాలన్నీ ఈ ఒక్క నిర్లక్ష్యం వల్ల రెట్టింపుగా కనిపించాయని నా అభిప్రాయం. ఇక కథల్లోకి వెళ్తే, మలుపులు బయటపెట్టకుండానే చెప్పగలిగినంత చెబుతాను.

మొదటిది జోయా అఖ్తర్ కథ. పాత అపార్ట్‌మెంటులో ఒంటరిగా, మంచం పట్టి ఉన్న మిసెస్ మలిక్‌ను చూసుకోవడానికి సమీరా అనే నర్సు వస్తుంది. కొడుకు అర్మాన్ ఇంట్లోనే ఉన్నాడని ముసలావిడ అంటుంది; ఇంట్లో ఎవరూ కనిపించరు. సమీరాకు గుడ్డూ అనే పెళ్లయిన మనిషితో సంబంధం ఉంది. అతను వస్తానంటాడు, ఎప్పుడు వస్తాడో, వచ్చాక ఎంతసేపు ఉంటాడో ఆమెకు తెలియదు. ఒకరు కొడుకు కోసం, ఒకరు ప్రియుడి కోసం ఎదురుచూసే ఇద్దరు స్త్రీలను నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టడం మంచి ఆలోచన. దెయ్యం రాకముందే ఆ ఇల్లు భయం కలిగిస్తుంది, ఎందుకంటే ఆ ఇంట్లో ఉన్నది ముసలితనం. పక్క తడిపే రోగి, ఆమె దుప్పట్లు మార్చే నర్సు విసుగు, ఆ విసుగులో కొంచెం కొంచెంగా కలిసే జాలి, వీటిని దర్శకురాలు ముక్కు మూసుకోకుండా చూపించారు.

మిసెస్ మలిక్‌గా నటించినది సురేఖా సిక్రీ. బాలికా వధు తెలుగులో చిన్నారి పెళ్లికూతురుగా వచ్చిన రోజుల్లో సాయంత్రం పూట మన ఇళ్లన్నింటినీ గడగడలాడించిన ఆ బామ్మే ఈమె. తమస్, మమ్మో, బధాయీ హో చిత్రాలకు మూడుసార్లు ఉత్తమ సహాయనటిగా జాతీయ పురస్కారం అందుకున్న ఈ నటి 2018లో పక్షవాతానికి గురయ్యారు. ఆ తరువాత చేసిన పాత్ర ఇది. 2021 జులైలో ఆమె కన్నుమూశారు. పడుకున్న చోటు నుంచి దాదాపు కదలకుండా, ఒక్క కళ్లతో, గొంతులోని జీరతో ఆమె ఒకసారి నవ్వు, ఒకసారి వెక్కిరింత, ఒకసారి బెదిరింపు పలికిస్తారు. ముసలావిడకు మతి తప్పిందా, అన్నీ తెలిసే ఆడుకుంటోందా అన్న సందేహం కథ నడిచినంతసేపూ తీరదు, ఆ సందేహమే ఈ భాగానికి ప్రాణం. అప్పటికి ధడక్ ఒక్కటే చేసిన జాన్వీ కపూర్ ఆమె ఎదుట నిలబడి తడబడకపోవడం మెచ్చుకోదగిన విషయం. గుడ్డూగా మన హైదరాబాదువాడు విజయ్ వర్మ ఉన్నాడు. ఎంసీఏ సినిమాలో నానిని వెంటాడిన ప్రతినాయకుడిని గుర్తుంచుకున్నవారికి, ఇక్కడ అతను మెత్తని మాటలతోనే ఎంత స్వార్థం పలికించాడో చూడడం ఒక సరదా.

ఇంత పెట్టుబడి ఉన్న కథ చివరికి ఏం కొన్నదంటే, భయానక సాహిత్యం కొద్దిగా చదివిన ప్రతి ఒక్కరూ సగంలోనే పసిగట్టగలిగిన ఒక మలుపును. మలుపు పాతదైనంత మాత్రాన తప్పు లేదు. అది రావడానికి ముందు మనల్ని నమ్మించిన తీరులో కొత్తదనం ఉండాలి. ఇక్కడ చప్పుళ్లు, తలుపు గంట, చీకటి నడవా అన్నీ పాఠ్యపుస్తకంలోని వరుసలోనే వస్తాయి. ఒంటరితనం గురించిన చిన్న కథగా ఇది నిలుస్తుంది, దెయ్యం కథగా కూలబడుతుంది. దెయ్యాన్ని తీసేసి చూసినా కథకు పెద్దగా నష్టం లేదనిపించినప్పుడు, అది భయానక చిత్రంలో ఎందుకున్నదన్న ప్రశ్న రాక తప్పదు.

అనురాగ్ కశ్యప్ కథలో నేహ గర్భవతి. లోగడ ఒకసారి బిడ్డను పోగొట్టుకున్నది కనుక ఈసారి ఆమె ప్రతి అడుగూ అనుమానంతోనే వేస్తుంది. చనిపోయిన తన తోబుట్టువు కొడుకు అంశ్‌ను పగటిపూట ఆమే చూసుకుంటుంది. తల్లి పోయిన పిల్లవాడికి మిగిలిన ఒడి ఆమెదే. కొత్త బిడ్డ పుడితే ఆ ఒడి తనకు దక్కదని వాడికి అర్థమైపోయింది. ఇంట్లో ఎక్కడో ఒక గూడు, గూటిలో గుడ్లు, చుట్టూ కాకి నీడ. రంగులు దాదాపు పూర్తిగా తీసేసిన బూడిద వెలుగులో కథంతా నడుస్తుంది.

తెనాలిలో పుట్టి విశాఖపట్నంలో పెరిగిన శోభిత ధూళిపాళ ఈ నేహ. 2016లో రమణ్ రాఘవ్ 2.0తో ఆమెను సినిమాకు పరిచయం చేసినదీ కశ్యపే. తెలుగులో మనం ఆమెను 2018 నాటి గూఢచారిలో చూశాము. ఆ పాత్రలకూ ఈ పాత్రకూ పోలికే లేదు. బుగ్గలు పీక్కుపోయి, భుజాలు ముందుకు వంగి, మాటలు సగం మింగేస్తూ, తన శరీరంలో ఏం జరుగుతోందో తనకే తెలియని స్త్రీగా ఆమె చేసిన నటనకు ఎక్కడా ఒంటి మీద స్పృహ లేదు. అందంగా కనిపించాలన్న తాపత్రయాన్ని పూర్తిగా వదిలేసిన నటనను తెలుగు అమ్మాయిల నుంచి మన దర్శకులు ఎంత అరుదుగా అడుగుతారో ఈ అరగంట చూస్తే తెలుస్తుంది. నాలుగు భాగాల్లో నటనకు మాత్రమే మార్కులు వేస్తే, సురేఖా సిక్రీ పక్కన నిలబెట్టదగినది శోభిత ఒక్కతే.

అయితే ఆ నటన నిలబడిన నేల గట్టిది కాదు. నాట్యశాస్త్రం భయానక రసానికి భయాన్ని, బీభత్స రసానికి జుగుప్సను స్థాయీభావాలుగా, అంటే ఆ రసాలకు మూలమైన భావాలుగా, చెప్పి రెండింటినీ విడదీసింది. ఈ విభజన పాతబడినదని అనుకునేవారికి ఈ భాగం ఒక మంచి జవాబు. కశ్యప్ పగిలిన గుడ్ల సొన చూపిస్తారు, నెత్తురు చూపిస్తారు, నమలకూడనిది నమలడం చూపిస్తారు. మనకు కడుపులో తిప్పుతుంది, గుండె మాత్రం తన మామూలు లెక్కలోనే కొట్టుకుంటుంది. జుగుప్స చూపు తిప్పుకోమంటుంది, భయం కళ్లు అప్పగించి చూడమంటుంది. ఒకదానితో రెండోదాన్ని పుట్టించడం అసాధ్యం కాదు, కానీ దానికి ఏం జరగబోతున్నదో అన్న ఆత్రం కావాలి. ఈ కథలో ఏది నిజమో ఏది నేహ మనోభ్రమో తేల్చకుండా వదిలేయడం ద్వారా దర్శకుడు ఆ ఆత్రాన్నే చంపేశారు. ఏదైనా జరగవచ్చు అన్న చోట ఏం జరిగినా ఒకటే.

కాకిని ఎంచుకుని కూడా దాని బరువును వాడుకోకపోవడం నాకు మరీ విచిత్రంగా తోచింది. మన దేశంలో కాకి మామూలు పక్షి కాదు. పదో రోజున పిండం పెట్టి అది ముట్టే దాకా చేతులు కట్టుకుని నిలబడేవాళ్లం, అది ముట్టకపోతే పోయిన మనిషికి తీరని కోరిక ఏమిటా అని తర్జనభర్జన పడేవాళ్లం. చనిపోయిన తల్లి, పుట్టకుండానే పోయిన బిడ్డ, పుట్టబోయే మరో బిడ్డ ఉన్న కథలో కాకి వచ్చి వాలిందంటే ఇక్కడి ప్రేక్షకుడి మనసు దానంతట అదే పితృదేవతల వైపు పోతుంది. ఆ తలుపు తెరిచి ఉన్నా కథ లోపలికి అడుగు పెట్టదు. ఐరోపా చిత్రాల్లో చూసి చూసి ఉన్న నల్లని పక్షిగానే కాకి మిగిలిపోయింది.

మూడోది దిబాకర్ బెనర్జీ కథ. ఘోస్ట్ స్టోరీస్ ఎందుకు చూడాలని ఎవరైనా అడిగితే చెప్పదగిన జవాబు ఇదే. బీస్‌ఘరా అనే ఇరవై ఇళ్ల ఊరికి బయటి నుంచి ఒక మనిషి వస్తాడు. ఊరు నిర్మానుష్యంగా ఉంటుంది. చివరికి ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలు కనిపిస్తారు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. పెద్దలంతా ఏమయ్యారంటే, పక్కనున్న సౌఘరా, అంటే వంద ఇళ్ల ఊరు, వాళ్లను తినేసింది అంటారు. ఈ మాటను ఆ పిల్లలు ఏడుస్తూ చెప్పరు. సరుకులు అయిపోయాయని చెప్పినంత మామూలుగా చెబుతారు. ఈ సినిమా మొత్తంలో నాకు నిజంగా ఒళ్లు జలదరించిన క్షణం అదే, ఆ క్షణంలో తెర మీద నెత్తురు చుక్క కూడా లేదు.

దిబాకర్ చేసిన తెలివైన పని ఈ లోకానికి నియమాలు పెట్టడం. కదిలితే తింటారు, కదలకుండా నిలబడితే వదిలేస్తారు. వాళ్లతో పాటు తింటూ కూర్చున్నవాళ్లను ముట్టుకోరు. రెండే రెండు నియమాలు, అవీ పిల్లల నోటితో చెప్పించినవి. ఇక దర్శకుడు ఎవరినైనా ఒక మూల నిలబెట్టి, దూరంగా ఒక ఆకారాన్ని తూలుతూ నడిపిస్తే చాలు. ఆ మనిషి కనురెప్ప కొట్టుకుంటుందేమోనని మనం ఊపిరి బిగపడతాము. చిన్నప్పుడు ప్రతి వీధిలో ఆడిన కదలకుండా నిలబడే ఆటకు ప్రాణాలు పందెం పెట్టినట్లుంటుంది. భయం చప్పుళ్లతో కాక నియమాలతో పుడుతుందని, నియమం తెలిసిన ప్రేక్షకుడు తనను తానే భయపెట్టుకుంటాడని ఈ నలుగురిలో దిబాకర్‌కు ఒక్కడికే తెలిసినట్లుంది.

ఆ నియమాల కిందే రెండో అర్థమూ ఉంది. పెద్ద ఊరు చిన్న ఊరిని మింగడం, నోరు మూసుకుని కదలకుండా ఉన్నవాడు బతికిపోవడం, పంక్తిలో కూర్చుని అదే భోజనం చేసినవాడికి అభయం దొరకడం, వీటికి వ్యాఖ్యానం అక్కర్లేదు. సినిమా విడుదలైన రోజుల్లో దేశమంతటా పౌరసత్వ సవరణ చట్టం మీద నిరసనలు నడుస్తున్నాయి కనుక చాలామంది దీన్ని ఆ రోజుల కథగా చదివారు. చిత్రీకరణ అంతకు ముందే ముగిసి ఉంటుందన్నది వేరే సంగతి. మంచి రూపకం ఎప్పుడూ తేదీ వేసుకుని రాదు. ఇందులో మెచ్చుకోవలసినది ఏమిటంటే, రాజకీయం పట్టని ప్రేక్షకుడికి కూడా ఇది పిశాచాల బారి నుంచి ఇద్దరు పిల్లలు తప్పించుకునే కథగా నిండుగా నడుస్తుంది. ఊరికి పెద్దమనిషిగా ఉండి మొట్టమొదట మారిపోయిన వాడి పాత్రలో గుల్షన్ దేవయ్య గుర్తుపట్టలేనంత భయంకరంగా ఉన్నాడు. బయటి నుంచి వచ్చిన మనిషిగా సుకాంత్ గోయల్ పిరికితనాన్ని దాచుకోకుండా నటించడం వల్ల, పిల్లల ధైర్యం ఎక్కడా అతికించినట్లు కనిపించదు. ఆ ఇద్దరు పిల్లలూ ముద్దుగా మాట్లాడే సినిమా పిల్లలు కాకపోవడం ఇంకో అదృష్టం.

దీనికీ లోపం లేకపోలేదు. చివర్లో కథ ఒక్కసారిగా మరో స్థాయికి జరిగి, అప్పటిదాకా చూసినదానికి ఇంకో లెక్క చెప్పబోతుంది. రూపకం ప్రేక్షకుడికి అందలేదేమోనన్న అనుమానంతో వేసిన అడుగులా తోచింది. అది లేకపోయినా అందేది. ఆ నాలుగు నిమిషాల ముందే ఆపి ఉంటే మన దేశంలో వచ్చిన పొట్టి భయానక చిత్రాల్లో ఇది ముందు వరుసలో నిలిచేది. ఇప్పుడు కూడా రెండో వరుసకు పోలేదనుకోండి.

ఆ తరువాత కరణ్ జోహార్ వస్తారు. ఇరా అనే అమ్మాయికి పెద్దలు కుదిర్చిన సంబంధం, వరుడు ధ్రువ్, ఆకాశమంత ఇల్లు, కళ్లు మిరుమిట్లు గొలిపే పెళ్లి. ఒకటే చిక్కు: ఎప్పుడో పోయిన నానమ్మకు ధ్రువ్ ప్రతి రాత్రి శుభరాత్రి చెప్పి గాని పడుకోడు. మొదటి రాత్రి కూడా. ఇంతవరకు చెబితే మంచి హాస్య కథ అనిపిస్తుంది, అలాగే తీసి ఉంటే బాగుండేది. కొత్త కోడలు పెద్ద బంగళాలో అడుగు పెట్టడం, మూసిన గది, నోరు విప్పని పనిమనిషి అన్నది నలిగిన దారే అయినా నడవగలిగినవారు నడిచారు. 1993 నాటి మలయాళ చిత్రం మణిచిత్రతాళు నుంచి మన ప్రేక్షకులు నెత్తిన పెట్టుకున్న చంద్రముఖి వరకు వచ్చిన కథ అదే కదా. అక్కడ మూసిన గదికి ఒక చరిత్ర ఉంది, ఆ చరిత్రలో ఒక స్త్రీకి జరిగిన అన్యాయం ఉంది. ఇక్కడి నానమ్మకు చరిత్ర లేదు, కోరిక లేదు, కోపానికి కారణం లేదు. మనవడికి ఆమె మీద ఉన్నది ప్రేమా, భయమా, పిచ్చా అన్నది రాసినవారికీ తెలిసినట్లు లేదు.

అవినాష్ తివారీ గొంతు, చూపు ఈ జాతి కథలకు సరిగ్గా సరిపోతాయి. చేయడానికి పనే ఇవ్వలేదు. రెండేళ్ల తరువాత సీతారామంలో మనందరినీ కట్టిపడేసిన మృణాల్ ఠాకూర్ ఇరా పాత్రకు కాస్త వెటకారం, కాస్త తెగువ తెచ్చిపెట్టింది. దెయ్యాన్ని లెక్క చేయని కోడలిగా ఆమె ఎంత బాగున్నదంటే, కథ ఆమెను వెనక్కి లాగి కేకలు వేయించిన ప్రతిసారీ విసుగొస్తుంది. ముగింపు గురించి చెప్పకపోవడమే దానికి చేయగల మర్యాద.

ఈ నాలుగు కథలను పేర్చిన వరుస కూడా సినిమాకు మేలు చేయలేదు. మెల్లగా నడిచే రెండు కథలను పక్కపక్కనే ముందు పెట్టారు, రెండూ మూసిన ఇంట్లో ఒక స్త్రీ ఒంటరితనం గురించే. మూడోదానికి వచ్చేసరికి గాని ప్రేక్షకుడు నిటారుగా కూర్చోడు, ఆ ఊపులో ఉన్నవాడి ముందుకు నాలుగోదాన్ని తెచ్చి పెట్టారు. దిబాకర్ కథను చివర ఉంచి, కరణ్ కథను రెండోదిగా పెట్టి ఉంటే, అది కాస్త గాలి తీసుకునే విరామంగానైనా పనికొచ్చేది. డెడ్ ఆఫ్ నైట్‌లో గోల్ఫ్ కథ తేలికైనదే, కానీ బొమ్మ కథకు ముందు వస్తుంది. ఆ వరుస తెలిసినవాళ్లు పెట్టిన వరుస. నేరుగా ఓటీటీలోకి వచ్చే సినిమాకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. హాల్లో చీకటి, పక్కవాళ్ల ఉలికిపాటు, బయటికి పోలేని స్థితి దర్శకుడికి సగం పని చేసి పెడతాయి. ఇంట్లో రిమోట్ ప్రేక్షకుడి చేతిలో ఉంటుంది, మధ్యలో కుక్కర్ కూత కూడా వేస్తుంది. అటువంటి చోట మొదటి గంటను ఇంత ఉదాసీనంగా ఖర్చు చేయడం సాహసమనిపించుకోదు.

సాంకేతికంగా ఎవరినీ వేలెత్తి చూపడానికి లేదు. ఛాయాగ్రహణం నాలుగింటిలోనూ శ్రద్ధగా ఉంది. కశ్యప్ భాగంలోని వెలిసిపోయిన బూడిద రంగు, దిబాకర్ భాగంలోని మసకబారిన పల్లె చూసినవారికి గుర్తుండిపోతాయి. శబ్దం విషయంలో మాత్రం దిబాకర్ తప్ప అందరూ పాత అలవాటుకే లొంగారు. నిశ్శబ్దం పరచడం, హఠాత్తుగా పెద్ద చప్పుడు చేయడం, మనం ఉలిక్కిపడితే దాన్ని భయం ఖాతాలో రాసుకోవడం. ఉలికిపాటు క్షణంలో పోతుంది. రాత్రి మంచినీళ్ల కోసం వంటగదిలోకి వెళ్లేటప్పుడు లైటు వేసుకునేలా చేసేది వేరే.

ఇదే నిర్మాణ సంస్థలు మరుసటి ఏడాది ఫిబ్రవరిలో తెలుగులో పిట్టకథలు తెచ్చాయి. తరుణ్ భాస్కర్, నందినీ రెడ్డి, నాగ్ అశ్విన్, సంకల్ప్ రెడ్డి తలా ఒక కథ చేసిన ఆ చిత్రం దెయ్యాలది కాదు గానీ, నలుగురు పేరున్న దర్శకులను పిలిచి ఎవరి దారిన వారిని తీయమని చెప్పే పద్ధతి అక్కడా అదే, అక్కడా కథల మధ్య తేడా కొట్టొచ్చినట్లు కనిపించింది. పేర్లు కుదిరితే సినిమా కుదిరినట్లే అన్న ఈ లెక్కను ఎవరైనా ఒకరు కూర్చుని సరిచేయాలి. రచనా స్థాయిలోనే నాలుగు కథలనూ ఒక గదిలో చదివి, ఇది దానికి అడ్డం పడుతోంది, ఇది ముందు రావాలి, దీనికి దెయ్యం అవసరం లేదు అని చెప్పగల మనిషి ఒక్కడున్నా ఘోస్ట్ స్టోరీస్ ఇలా తయారయ్యేది కాదు.

చూడదలచుకున్నవారికి నా సలహా, దీన్ని ఒక్క సినిమాగా ఒక్క బిగిన చూడవద్దు. ముందు దిబాకర్ బెనర్జీ కథను విడిగా, రాత్రి పూట, ఫోను పక్కన పెట్టి చూడండి. మరో రోజు సురేఖా సిక్రీ కోసం జోయా అఖ్తర్ కథ చూడవచ్చు. శోభిత నటన మీద ఆసక్తి ఉంటే కశ్యప్ కథకూ కొంత సమయం ఇవ్వవచ్చు, కానీ గర్భవతులు, బిడ్డను పోగొట్టుకున్న బాధ అనుభవించినవారు ఆ భాగం జోలికి పోకపోవడం మంచిది. గర్భస్రావానికి సంబంధించి అందులో ఉన్న ఒక దృశ్యం మీద 2021లో కొత్త ఐటీ నిబంధనల కింద నెట్‌ఫ్లిక్స్‌కు ఫిర్యాదు వెళ్లిందని పత్రికలు రాశాయి. కథకు ఆ దృశ్యం తప్పనిసరి కాదు కనుక ఆ ఫిర్యాదును అతి సున్నితత్వమని కొట్టిపారేయలేము. కరణ్ జోహార్ కథను వదిలేసినా మీకు పోయేదేమీ లేదు. మృణాల్ ఠాకూర్ అభిమానులు కూడా ఆ సమయంలో సీతారామం ఇంకోసారి చూసుకోవచ్చు.